"గూగుల్‌లో దొరికిందండీ" అంటే చెల్లదు

పోయిన నెల ఈ శీర్షికలో పైరసీ గురించి రెండు ముక్కలు రాశాను. దాని ఫలితం, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కాపీరైట్ మీదే. పెళ్ళి ఫొటోలతో మొదలుపెట్టి పూతరేకుల దాకా వచ్చాయి. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఒకే రకం ప్రశ్నలు కలిపేశాను. సెక్షన్ నంబరు వేసిన చోట అది మన 1957 కాపీరైట్ చట్టంలోదని గుర్తుపెట్టుకోండి.

ప్ర: మా అమ్మాయి పెళ్ళి ఫొటోలు స్టూడియో అతను తన ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ప్రచారానికి పెట్టుకున్నాడు. తీసేయమంటే "తీసింది నేను, ఫొటో నాది" అంటున్నాడు. లక్షా ఇరవై వేలు కట్టాం మేడమ్. నిజంగా అతనివేనా? – ఒక తల్లి, తెనాలి

జ: కావమ్మా, మీవే. మామూలుగా ఫొటో ఎవరు తీస్తే వాళ్ళే కర్త, కర్తే మొదటి హక్కుదారు, అతను అంటున్నది ఆ సూత్రమే. కానీ 17వ సెక్షన్‌లో దానికో మినహాయింపు ఉంది. డబ్బిచ్చి తనకోసం ఫొటో తీయించుకున్నా, బొమ్మ గీయించుకున్నా, వీడియో తీయించుకున్నా, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే కాపీరైట్ తీయించుకున్నవాళ్ళది. కాబట్టి మీ అనుమతి లేకుండా అతను ప్రచారానికి వాడుకోకూడదు.

అయితే ఆ "వేరే ఒప్పందం" అన్న చోటే మనం దొరికిపోతాం. అడ్వాన్సు ఇచ్చిన రోజు అతను చేతిలో పెట్టిన కొటేషన్ కాగితం బీరువాలోంచి తీసి చూడండి. క్యాండిడ్, ట్రెడిషనల్, డ్రోన్, ఆల్బమ్ ఎన్ని షీట్లు, ఎల్‌ఈడీ వాల్ ఎంత, అన్నీ వరసగా ఉంటాయి, అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "ఫొటోలు, వీడియోలు స్టూడియో ప్రచారానికి వాడుకునే హక్కు మాకు కలదు" అని ఒక లైను ఉండొచ్చు. మా ఇంట్లో పెళ్ళికీ సరిగ్గా ఇదే జరిగింది. సంతకం పెట్టింది మావారు, నేను చదివింది పెళ్ళయిన మూడు వారాలకి, ఇంట్లో లాయర్ని పెట్టుకుని!

మీ కాగితంలో అలాంటి లైను లేకపోతే ముందు వాట్సాప్‌లో మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి, రేపు సాక్ష్యంగా అదే పనికొస్తుంది. వినకపోతే ఇన్‌స్టాగ్రామ్‌లోనే కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంది, డబ్బు కట్టిన రసీదు దగ్గర పెట్టుకుని అది నింపండి. అక్కడా తేలకపోతే లాయర్ నోటీసు. ఇంకో సంగతి, ఫొటోల మీద కాపీరైట్ మీది అయినంత మాత్రాన హార్డ్ డిస్క్‌లో ఉన్న రా ఫైల్స్ (ఎడిటింగ్ చేయని అసలు ఫొటోలు) అన్నీ అతను ఇచ్చి తీరాలని కాదు, అది మీరు మాట్లాడుకున్న దాన్ని బట్టి ఉంటుంది. ఇంకా పెళ్ళి కావాల్సిన పిల్లలున్నవాళ్ళు ఈ రెండూ అడ్వాన్సుకు ముందే కాగితం మీద రాయించుకోండి.

అన్నట్టు, అదే పెళ్ళిలో మీ ఆడపడుచు కొడుకు సరదాగా ఫోన్‌లో తీసిన ఫొటోలు మాత్రం ఆ అబ్బాయివే. మీరేం డబ్బివ్వలేదుగా.

ప్ర: 10 సెకన్ల లోపు పాట వాడితే తప్పు లేదని, కింద "క్రెడిట్స్ టు ఓనర్" అని రాస్తే సరిపోతుందని అంటారు. నిజమేనా? – నలుగురైదుగురు

జ: రెండూ పుకార్లే. మన చట్టంలో 10 సెకన్లు, 30 సెకన్లు అన్న లెక్క ఎక్కడా లేదు. క్రెడిట్ ఇవ్వడం మర్యాద, అనుమతి తీసుకోవడం వేరే పని. పక్కింటివాళ్ళ బండి చెప్పకుండా తీసుకెళ్ళి, దాని మీద వాళ్ళ పేరు రాసిపెడితే వాళ్ళు ఊరుకుంటారా? 52వ సెక్షన్ ఒప్పుకునేది వేరు: సొంత వాడకం, చదువు, పరిశోధన, విమర్శ లేదా సమీక్ష, వార్తలు చెప్పడం లాంటి పనులకి న్యాయమైన మేరకు వాడుకోవడం. సినిమా సమీక్షలో ఒక సీను ముక్క చూపించి దాని బాగోగులు మాట్లాడితే ఆ గొడుగు కింద నిలబడొచ్చు. అదే సీను ఊరికే కత్తిరించి, పైన మీ లోగో వేసి వ్యూస్ కోసం పెడితే నిలబడలేరు. ఎంత తీసుకున్నారన్న దానితో పాటు ఎందుకు తీసుకున్నారు, దానివల్ల అసలువాళ్ళ వ్యాపారం దెబ్బతింటుందా అని కూడా కోర్టు చూస్తుంది.

ప్ర: మా పాప అన్నమయ్య కీర్తన పాడితే యూట్యూబ్‌లో పెట్టాను. మర్నాడే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. 500 ఏళ్ళ నాటి పాటకి కాపీరైటేంటండీ? అన్నమయ్య వచ్చి కేసు పెట్టాడా? – ఒక తండ్రి, తిరుపతి

జ: నవ్వుకున్నాను గానీ, మీ ప్రశ్న చాలా మంచిది. మన చెవికి పాట ఒకటే. చట్టం మాత్రం దాన్ని మూడుగా విడదీస్తుంది. సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, రికార్డింగ్ ఒకటి. మూడింటికీ మూడు వేరు వేరు హక్కులు, ముగ్గురు వేరు మనుషులు ఉండొచ్చు.

అన్నమయ్య 1503లో పోయారు, ఆ సాహిత్యం మీద ఎవరికీ కాపీరైట్ లేదు, ఎవరైనా పాడుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు. కానీ తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద పాట, పైన రాగం పేరు ఉన్నాయే తప్ప ఎలా పాడాలో స్వరం లేదు. ఇవాళ మనం పాడుకునే బాణీల్లో చాలావరకు 20వ శతాబ్దంలో పెద్దలు కూర్చుని కట్టినవి. ఉదాహరణకి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో పోయారు. కర్త పోయిన తర్వాతి జనవరి 1 నుంచి 60 ఏళ్ళు లెక్క, అంటే ఆయన కట్టిన బాణీలకి 2039 చివరి దాకా గడువుంది. నేదునూరి కృష్ణమూర్తి గారు పోయింది 2014లో, ఆయన బాణీలకి 2074 దాకా. ఇక క్యాసెట్ కంపెనీ చేసిన రికార్డింగ్‌కి, విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి మరో 60 ఏళ్ళు.

ఇప్పుడు మీ వీడియో సంగతి. పాప వెనకాల ఏదైనా కంపెనీ వాళ్ళ కరోకే ట్రాక్ పెట్టారా? పెడితే క్లెయిమ్ సబబే. తంబూర శ్రుతి ఒక్కటే పెట్టుకుని పాప పాడితే, యూట్యూబ్ కంప్యూటర్ బాణీని పోల్చుకుని ఉండాలి, లేదా పొరపాటు పడి ఉండాలి. ఆ యంత్రానికి భక్తి లేదు, చట్టమూ రాదు, రెండు శబ్దాలు ఒకేలా ఉన్నాయా అని మాత్రమే చూస్తుంది. కంగారు పడకండి. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వస్తే మామూలుగా ఆ వీడియో మీద ప్రకటనల డబ్బు వాళ్ళకి పోతుంది, లేదా వీడియో కొన్ని చోట్ల కనపడదు, మీ ఛానల్‌కి ముప్పు లేదు. స్ట్రైక్ అంటే హక్కుదారు పనిగట్టుకుని తీసేయమని అడగడం. 90 రోజుల్లో మూడు పడితే ఛానల్ పోతుంది. క్లెయిమ్ తప్పనిపిస్తే అక్కడే డిస్ప్యూట్ బటన్ ఉంటుంది, వాళ్ళు 30 రోజుల్లో జవాబివ్వకపోతే క్లెయిమ్ వీగిపోతుంది. కానీ బాణీ ఎవరిదో తెలుసుకోకుండా "ఇది దేవుడి పాట" అని రాసి పంపకండి, చాలామంది అలాగే రాసి ఓడిపోతున్నారు.

ప్ర: మా ఫంక్షన్ హాల్ ఓనరు, పెళ్ళిలో డీజే పెట్టాలంటే మ్యూజిక్ లైసెన్స్ తెమ్మంటున్నాడు. – పెళ్ళికొడుకు అన్నయ్య, కరీంనగర్

జ: 52వ సెక్షన్‌లోనే పెళ్ళి ఊరేగింపు, పెళ్ళికి సంబంధించిన ఇతర వేడుకల్లో పాటలు వేసుకోవడం ఉల్లంఘన కాదని ఉంది. 2023 జులైలో కేంద్రం కూడా, ఇలాంటి వేడుకలకి రాయల్టీ అడగొద్దని నోటీసు ఇచ్చింది. అయినా లైసెన్స్ సంస్థలకీ హోటళ్ళకీ మధ్య ఈ గొడవ కోర్టుల్లో నలుగుతూనే ఉంది, అందుకే ఓనర్లు భయపడుతుంటారు. ఆ సెక్షన్ ప్రింట్ తీసి చూపించండి. అదే హాల్లో డిసెంబర్ 31 రాత్రి టికెట్ పెట్టి డీజే వేస్తే మాత్రం లైసెన్స్ కావాల్సిందే. బరాత్‌లో పాట మోగించడం ఒక పని, అదే పాటని పెళ్ళి వీడియోకి అతికించి యూట్యూబ్‌లో పెట్టడం ఇంకో పని. రెండోదానికి ఈ మినహాయింపు వర్తించదు.

ప్ర: నేను ఒక వాట్సాప్ గ్రూప్ నడుపుతాను. రోజూ ఒక తెలుగు నవల పీడీఎఫ్ పెడతాను. పైసా తీసుకోను, సాహిత్య సేవ. మొన్న ఒక రచయిత్రి ఫోన్ చేసి తిట్టారు. పాత పుస్తకాలు దొరకవు కదా, ఇందులో తప్పేముంది? – విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు

జ: మాస్టారూ, మీ మనసు మంచిదేనని తెలుస్తూనే ఉంది. ఆవిడ తిట్టడం కూడా న్యాయమే. పుస్తకం కొన్నప్పుడు ఆ కాగితం, ఆ అట్ట మీవి. ఎవరికైనా ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు, కోఠీలో పాత పుస్తకాల వాడికి కిలోల్లెక్కన వేసెయ్యొచ్చు. అందులోని రచనకి కాపీలు తీసి పంచే హక్కు మాత్రం మీకు రాలేదు. డబ్బు తీసుకోకపోవడం వల్ల శిక్ష తగ్గొచ్చు, తప్పు తప్పు కాకుండా పోదు. 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా అని రాసుంది, వ్యాపారం కోసం కాదని తేలితే జడ్జి కారణాలు రాసి అంతకన్నా తక్కువ వెయ్యొచ్చు.

చట్టం పక్కన పెట్టండి. ఇవాళ తెలుగులో ఒక రచయిత సొంత డబ్బు పెట్టి ఐదు వందలో వెయ్యో కాపీలు వేయించుకుని, సగం అట్టపెట్టెల్లో మంచం కింద దాచుకుంటున్నారు. మీ గ్రూప్‌లో ఎంతమంది ఉన్నారో నాకు తెలీదు, కానీ మూడొందల మంది ఉన్నా, ఆవిడ పుస్తకం కొనగలిగిన మూడొందల మంది వాళ్ళే.

మీకు పని లేకుండా చేయాలని నాకు లేదు, కాబట్టి ఒక లెక్క చెప్తాను. రచయిత పోయిన సంవత్సరానికి 60 కలపండి, ఆ సంవత్సరం డిసెంబర్ 31 దాటితే రచన అందరిదీ. కందుకూరి వీరేశలింగం 1919లో, గురజాడ 1915లో, గిడుగు రామమూర్తి 1940లో పోయారు, వాళ్ళ రచనలు నిక్షేపంగా పంచుకోండి. విశ్వనాథ సత్యనారాయణ 1976, అంటే 2036 చివరి దాకా ఆగాలి. చలం 1979, అంటే 2039 దాకా, శ్రీశ్రీ 1983, అంటే 2043 దాకా అన్నమాట. మొదట్లో ఈ గడువు 50 ఏళ్ళే. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో పోయారు కదా, ఆయన రచనల గడువు ముగిసే వేళకి దాన్ని 60 చేశారు. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన పుస్తకానికి లెక్క అచ్చయిన ఏడాది నుంచి మొదలవుతుంది, అది ఒకటి చూసుకోవాలి. అనువాదమైతే అనువాదకుడికి విడిగా ఇంకో 60. గడువు తీరిన పుస్తకాలు తెలుగు వికీసోర్స్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో బోలెడున్నాయి, అక్షరదోషాలు దిద్దేవాళ్ళు లేక అవి ఎదురుచూస్తున్నాయి. మీలాంటి తెలుగు మాస్టారు రోజుకి రెండు పేజీలు దిద్దితే అసలైన సేవ అదీ.

ప్ర: అదే లెక్కన పాత సినిమాలు యూట్యూబ్‌లో పెట్టుకోవచ్చా? – మచిలీపట్నం

జ: సినిమాకి లెక్క వేరు, మనిషి ఆయుష్షుతో పని లేదు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60. 1957లో వచ్చిన మాయాబజార్‌కి ఆ గడువు 2017 చివరితో తీరింది. సంబరపడే ముందు పైన అన్నమయ్య జవాబు మళ్ళీ చదవండి. మాయాబజార్‌కి మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు పోయింది 1971లో, అంటే ఆ సాహిత్యానికి 2031 చివరి దాకా గడువుంది.

ప్ర: నా వంటల ఛానల్‌లో పూతరేకుల వీడియో పెట్టాను. ఇంకొకావిడ అచ్చం నా కొలతలతోనే చేసి పెట్టింది. కాపీరైట్ వేయొచ్చా? – రాజమండ్రి

జ: కొలతల మీద వేయలేరు. బియ్యప్పిండి జావ ఎంత పలచగా ఉండాలి, బోర్లించిన కుండ ఎంత కాలాలి, రేకు మీద నెయ్యి ఎంత, బెల్లం ఎంత, ఇదంతా విద్య, పద్ధతి. కాపీరైట్ ఆలోచనకి ఉండదు, దాన్ని మీరు చెప్పిన తీరుకే ఉంటుంది. సుప్రీంకోర్టు 1978లో ఒక నాటకానికీ సినిమాకీ మధ్య వచ్చిన తగాదాలో ఈ మాట గట్టిగా చెప్పింది. ఆవిడ మీ వీడియో ముక్క కత్తిరించి వాడుకున్నా, మీ థంబ్‌నెయిల్ ఫొటో ఎత్తేసినా, మీరు రాసిన వివరణ పొల్లు పోకుండా కింద పెట్టుకున్నా అప్పుడు వేయండి. అయినా నిజం చెప్పండి, ఆ కొలతలు మీకు ఎవరు నేర్పారు? ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది గానీ అది ఆ ఊరి పేరుకి ఉన్న రక్షణ. వేరే చట్టం, దాన్ని దీంతో కలపొద్దు.

ప్ర: డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. నాలుగు పుస్తకాల్లోంచి తలో అధ్యాయం జిరాక్స్ తీయించి పిల్లలకి ఇస్తాను. – వరంగల్

జ: ఇవ్వండి. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి పెద్ద ప్రచురణకర్తలు కేసు వేస్తే, 2016లో ఢిల్లీ హైకోర్టు బోధనకి అవసరమైన మేరకు కాపీలు తీయడం ఉల్లంఘన కాదంది. మొత్తం పుస్తకానికి స్పైరల్ బైండింగ్ చేయించి అమ్మడం దాని కిందకి రాదు.

ప్ర: మా మేనల్లుడు బెనిఫిట్ షోలో హీరో ఎంట్రీ ఫోన్‌లో తీసి స్టేటస్ పెట్టాడు. తప్పంటే నవ్వుతున్నాడు. – గుంటూరు

జ: ఇది చదివి వినిపించండి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. అనుమతి లేకుండా థియేటర్లో రికార్డ్ చేసినా, దాన్ని బయటికి పంపినా 3 నెలల నుంచి 3 ఏళ్ళ జైలు, కనీసం 3 లక్షల జరిమానా, ఆ జరిమానా సినిమా నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా పోవచ్చు. ఇప్పుడొస్తున్న బడ్జెట్లలో 5 శాతం ఎంతో వాడినే లెక్కగట్టమనండి.

ప్ర: మా తెలుగు సంఘం ఉగాదికి సంగీత విభావరి పెడుతోంది. వచ్చే గాయకుడు తను సినిమాలో పాడిన పాటలే పాడతాడు. ఆయన పాటలు ఆయనే పాడుకోవడానికి ఎవరి అనుమతి కావాలి? – న్యూజెర్సీ

జ: ఆయన పాడిన పాటలు, ఆయన పాటలు కావు. గొంతు ఆయనది, బాణీ ఒకరిది, సాహిత్యం ఇంకొకరిది. మీరుండే దేశంలోనే జరిగింది కదా, 2017లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు అమెరికాలో కచేరీలు చేస్తుంటే ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వచ్చింది. బాలు గారు తనకీ చట్టం సంగతి తెలియదని చెప్పి, ఇక ఆ కచేరీల్లో ఇళయరాజా పాటలు పాడనన్నారు. తర్వాత ఇద్దరూ కలిసిపోయారు, అది వేరే సంగతి. ఆ రోజు నాకైతే మనసు కష్టంగానే అనిపించింది, కానీ స్వరకర్త డబ్బు అడగడంలో తప్పు లేదు. మీరు ఏం చేయాలంటే, హాలువాళ్ళకి పబ్లిక్ పెర్ఫార్మెన్స్ లైసెన్స్ (పదిమంది ముందు పాటలు వినిపించే అనుమతి) ఉందా అని ముందే అడగండి, పాటల జాబితా ఇచ్చి అది వాటికి సరిపోతుందో లేదో రాతలో తీసుకోండి. టికెట్లు అమ్మాక కాదు.

ప్ర: ఫేస్‌బుక్‌లో నేను రాసిన కవితని ఒకాయన తన పేరుతో సంకలనంలో వేసుకున్నాడు. నేను రిజిస్టర్ చేయించలేదు. నాకు హక్కు ఉందా? – ఖమ్మం

జ: ఉంది, కవిత రాసిన క్షణం నుంచే ఉంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావాలంటే ఢిల్లీలోని కాపీరైట్ ఆఫీసుకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టొచ్చు, సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు, రేపు కోర్టులో సాక్ష్యంగా బలం ఉంటుంది. తమ రచన తమకే రిజిస్టర్ పోస్టులో పంపుకుని కవరు విప్పకుండా దాచుకునేవాళ్ళని చూశాను, దానివల్ల ప్రత్యేకంగా ఒరిగే హక్కేమీ లేదు. మీ పోస్టు తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి, లింక్ కాపీ చేసి పెట్టుకోండి. నోట్‌బుక్‌లో కొట్టివేతలతో రాసుకున్న చిత్తుప్రతి ఉంటే అది బంగారం, దొంగ దగ్గర కొట్టివేతలు ఉండవు. ఆ తర్వాత ప్రచురణకర్తకి, ఆయనకి ఇద్దరికీ నోటీసు పంపండి. పేరు మార్చి వేసుకోవడం 57వ సెక్షన్ కింద విడిగా ఇంకో తప్పు, హక్కులన్నీ అమ్ముకున్నాక కూడా "ఇది నేను రాసింది" అని చెప్పుకునే హక్కు మీ దగ్గరే ఉంటుంది.

ఎప్పుడైనా మీ కవితల హక్కులు ఎవరికైనా రాసిస్తే కాగితం మీద గడువు, ప్రాంతం చూసుకోండి. గడువు రాయకపోతే 5 ఏళ్ళే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని 19వ సెక్షన్ చెబుతుంది. నోటిమాటతో హక్కులు చేతులు మారవు.

ప్ర: ఈ పేజీని ఫొటో తీసి మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పెడుతుంటాను. ఈ నెల ధైర్యం చాలడం లేదు. – కూకట్‌పల్లి

జ: నేనిక్కడ ఉద్యోగిని కాదు, బయటినుంచి రాస్తాను, ఈ జవాబులు పత్రికకి రాసిచ్చేసిందీ లేదు, కాబట్టి నా మటుకు నేను అనుమతి ఇస్తున్నాను. పైనున్న బొమ్మ మాత్రం వేరే ఆర్టిస్టుది, అది తగలకుండా తీయండి.